సగం లాయరు

పదో తరగతి మెమో ఉంటే చాలన్నరు.
నాది ఇనుప పెట్టె అడుగున
రేషన్ కార్డుకూ కరెంటు బిల్లుకూ నడుమ
మడతల కాడ చినిగి ఉండె.
ఇరవై రెండేండ్ల కింద పాసైన సాంఘికశాస్త్రం
హన్మకొండ కోర్టు వెనుక గదిలకు
నన్ను ఏలు పట్టుకొని తోలుకపోయింది.

ముప్పై ఆరు మందిమి.
అంగన్‌వాడీ టీచరమ్మ, రిటైరైన పోస్టుమాన్,
ఆటో నడిపే ఇర్ఫాన్,
గూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఈసం నాగరాణి.
నేను, పరకాల బస్టాండు పక్క
జిరాక్సు మిషిను నడిపే సుభద్రను.
పద్నాలుగేండ్లు ఊరందరి కాయితాలు
నా చేతుల మీదికెల్లే పోయినయి.
అద్దం కింద వెలుగు ఇటు నుంచి అటు నడిచేది,
నేను పేజీలు లెక్కబెట్టేదాన్ని.
ఒక్కటన్న చదువలే.

మొదటి దినం సుగుణాకర్ సారు చెప్పింది ఇంతే:
"మీరు వకీళ్ళు కారు.
నల్లకోటు లేదు, వాదన లేదు, ఫీజు అసలే లేదు.
తొవ్వ చూపుడే మీ పని.
తొవ్వల అడ్డం నిలబడకుండ్రి."

రెండో దినం ఎఫ్.ఐ.ఆర్.
ఫిర్యాదిచ్చినోళ్ళకు కాపీ
పైస తీసుకోకుంట ఇయ్యాలె అని
సారు బోర్డు మీద రాస్తాంటే
నా కడుపుల సల్లగైంది.
"బయట జిరాక్సు తీసుకొని రాపో" అని
ఠాణా నుంచి తోలిచ్చినోళ్ళు
కొంగు ముడి ఇప్పి ఇచ్చిన రెండ్రూపాలు
నా గల్లపెట్టెలనే పడ్డయి.
చాయ్ బ్రేక్‌ల నాగరాణికి చెప్పిన.
ఆమె ఏమనలే. బిస్కెటు సగం ఇరిచి ఇచ్చింది.

మూడో దినం పక్కనున్నోళ్ళ బాధను
దరఖాస్తుగ రాయమన్నరు.
నేను మంచిగ మొదలుపెట్టిన:
మహారాజశ్రీ, గౌరవనీయులైన, దివ్యసముఖమునకు...
సారు ఎర్ర పెన్నుతోటి గీసిండు.
"నాలుగు వరుసలు దండాలకే పాయె.
మనిషేడి?"

చివరి దినం సమోసా, సర్టిఫికెటు, గ్రూపు ఫొటో.
గుర్తింపు కార్డుల నా కండ్లు మూసుకొనే ఉన్నయి.
మా ఆయన చూసి నవ్విండు:
"సగం లాయరువైతివి,
సగం ఫీజన్న తీసుకోరాదు?"

బేస్తారం నాడు మండలాఫీసుల
ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక దానికి కాలు లేదు.
గట్టవ్వ వచ్చింది.
ఎకరంనర పత్తి, కౌలుది.
తూకం కాడ బస్తాకు రెండు కిలోల తరుగు తీసిండ్రట.
కానీ ఆమె తరుగుతోని మొదలుపెట్టలే,
బర్రె సచ్చిన కాడ మొదలుపెట్టింది.
అటెనుక వాన, అటెనుక అల్లుని మోకాలు.
ఆపుదామని నోరు తెరిచి
సారు మాట యాదికొచ్చి మూసుకున్న.
గంట దాటినంక మెల్లగ అన్నది:
"తక్కెట్ల కాలు పెట్టి తొక్కిండు బిడ్డా.
అది రాయి."

రాసిన. దండాలు లేకుంట పదకొండు వరుసలు.
చదివి వినిపిస్తే
"బర్రె ముచ్చటేది?" అన్నది.
అదొక వరుస కలిపిన.
ఏలుముద్ర ఏసి
బొటనేలి సిరాను తల ఎంటికెలకు తుడుచుకున్నది.

మార్కెట్ ఆఫీసుల గుమాస్త కాయితం తీసుకున్నడు.
రసీదు ఇయ్యుండ్రి అన్న.
"నువ్వెవరు? లాయరువా?"
కాదు.
"మరి?"
అయిదు దినాల్ల నేర్చిన జవాబులన్నీ
ఒక్కపారే గొంతుకు అడ్డం పడ్డయి.
"జిరాక్సు సుభద్రను" అన్న.
ఎనుక ఎవరో కిసకిస నవ్విండ్రు.
నేను జరుగలే.
ముద్ర దొరకలేదన్నడు, దొరికింది.
సిరా ఎండిందన్నడు,
గట్టవ్వ తన సీసల నీళ్ళు రెండు సుక్కలు ఒంపింది.

దుకాణం తీసి రెండు కాపీలు తీసిన.
అద్దం మీద బోర్లిచ్చే ముందు
ఈపారి మొత్తం చదివిన, బర్రెతో సహా.
ఆమె కొంగు ముడి ఇప్పబోయింది.
వద్దన్న.
"ఊకెనే ఎట్ల?" అని కొట్లాడి
రెండు రేగుపండ్లు మిషిను మీద పెట్టిపోయింది.

తరుగు పైసలు ఇంకా రాలే.
వచ్చే నెల పదిహేనుకు రమ్మన్నరు.
బస్సు ఎనిమిదింటికి.