రెండు మూపురాలు

తార్పాలిన్ లాగగానే
లోపలి నుంచి పిల్లి ఒకటి దూకి పోయింది.
షువేఖ్‌లో జులై, పొద్దున ఏడుకే
పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
ఎర్ర షెవర్లే, అరవై తొమ్మిది నాటిది,
టైర్లలో గాలి లేదు, సీట్ల నిండా ఇసుక.
తండ్రి పోయి నలభై రోజులు కాలేదు,
మిజ్బల్ ఒకటే మాట అడిగినాడు:
"దస్తగిరీ, దీనికి ఎన్ని గుర్రాలు?
మా నాయన నాలుగొందలు అనేవాడు."

నాయన చెప్పింది నాయన లెక్క.
ఇనుము లెక్క ఇనుముకు ఉంటుంది.

బ్లాకు వెనకాల, వేలు దూరని సందులో
యాభై ఏళ్ళ జిడ్డు.
డీజిల్లో ముంచిన బ్రష్షుతో పళ్ళు తోమినట్టు తోమినా.
షొఫికుల్ టార్చి పట్టినాడు, నేను అద్దం పట్టినా.
అద్దంలో అంకెలు తిరగబడితే
అరబ్బీ అక్షరాల్లా కుడి నుంచి ఎడమకు చదువుకున్నా.
చివర సున్నా, ఒకటి, సున్నా.
ఆ అచ్చులో పోసినవి మూడు రకాలు,
చిన్నదీ అదే నంబరు, పెద్దదీ అదే.
నంబరు చూసి నమ్మే రకం కాదు నేను:
నా బతాకాలో నేను వంటవాణ్ణి.
పదహారేళ్ళలో ఎవరికీ ఒక్క గుడ్డు వేయించలేదు.

హెడ్డు అంచున ఇంకేదో తగిలింది వేలికి.
పక్కపక్కన రెండు మూపురాలు.
"ఈ దేశం ఒంటెకి ఒకటే కదా భాయ్!" నవ్వినాడు షొఫికుల్.
అది ఊపిరి బాగా పీల్చే హెడ్డు.
గుండె ఒకసారి ఎగిరింది, దాచను.

హెడ్డు దింపి, మంట మండే గుంటలో
మందుల షాపు సిరంజితో కిరసనాయిలు పోసినా.
అరవై నాలుగు సీసీ, ఒక చుక్క అటో ఇటో.
బోరు నాలుగంగుళాలు.
క్రాంకు చేత్తో తిప్పుతూ
పిస్టను ఎంత లోతుకు దిగుతుందో చూసినా:
మూడున్నరకు వెంట్రుకంత తక్కువ.
అంటే మూడొందల యాభై. పెద్దదే.

చివరికి ముందువైపు,
కుడి హెడ్డు దాటగానే ఉండే చిన్న పీట తుడిచినా.
ఫ్యాక్టరీదైతే దువ్వెనతో దువ్వినట్టు సన్నగీతలుండాలి.
ఇక్కడున్నవి ఆకురాయి గీతలు.
అంకెలు బండి నంబరుతో కలిసినాయి గానీ
ఎనిమిది తూలి ఉంది,
రాత్రిపూట ఎవరో సుత్తితో గబగబా కొట్టినట్టు.
వెనక పోత తేదీ డెబ్బై నాలుగు, నవంబరు.
బండి కంటే అయిదేళ్ళు చిన్న ఇంజను.

మిజ్బల్ ఆ ఎనిమిది మీద
బొటనవేలు పెట్టుకొని చాలాసేపు నిలబడినాడు.
"మా తాత కొనిచ్చిన బండి.
జహ్రా రోడ్డు పందేలకు పోవద్దని ఒట్టు వేయించుకున్నాడంట."
ఇంకేం చెప్పలేదు. చాయ్ తెప్పించినాడు.

సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చినా:
ఆ కాలపు కంపెనీ గొప్పల్లో అయితే మూడొందలు.
ఫ్యానూ సైలెన్సరూ తగిలించి తూస్తే రెండొందల నలభై.
గేరుబాక్సు తన తాంబూలం తీసుకున్నాక
చక్రాల దాకా నడిచొచ్చేవి రెండొందలు.
ఈ గాలికి ఇంకో ఇరవై తగ్గించుకో.
ఎండకు గాలి పలచబడుతుంది, మనుషులూ అంతే.

"మరి నాలుగొందలు?"
"తొక్కినోడి కాలి బరువు నేను తూచలేదు," అన్నా.

శుక్రవారం బహ్రెయిన్ నుంచి కొనేవాడు వస్తాడు.
ఒరిజినలా కాదా, అని కాగితంలో ఒక గడి ఉంది.
పెన్ను మూత తీసి అడిగినా, ఏం రాయాలని.
చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టి,
మళ్ళీ తీసి, కింద పెట్టినాడు.
"ఎనిమిది వంకరగా ఉందని రాయి."