రెండు మార్కుల కోత

భూతద్దం, స్కేలు, టార్చి లైటు.
ఏడాదికోసారి నేను న్యాయనిర్ణేతని.
ప్రెషోవ్ బడి జిమ్ములో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద,
తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద
ముప్పై అయిదో వంతుకి కుంచించుకుపోయిన యుద్ధం
నా కలం కోసం కాచుకుని ఉంటుంది.

నలభై ఒకటో నంబరు ట్యాంకు
జెల్మీరా హుదాకొవాది.
స్విద్నిక్‌లో కట్టుడుపళ్లు చేస్తుందామె.
ఆ పనిముట్లతోనే దీన్నీ చెక్కిందని
చూడగానే తెలిసిపోయింది.
వెల్డింగు కుట్లు మైనపు కత్తితో తీసినవి.
గొలుసు పట్టాలో ఏ లంకెకా లంకె
ఊదితే కదులుతోంది.
తుప్పు మాత్రం ఎలా వచ్చిందో అంతుపట్టలేదు.
సిగరెట్లు తాగేవాళ్ల పింగాణీ పళ్లకి
పక్క పళ్లతో కలిసేలా వేసే గోధుమ వన్నె అట,
తర్వాత తనే చెప్పింది.

ట్యాంకు యుద్ధంలో లేదు.
బంగాళాదుంపల చేలో, చక్రాల నడుము దాకా గడ్డిలో ఉంది.
ఇంజను జల్లెడ మీద ఒక కోడిపెట్ట.
దాని పక్కన ఆవగింజంతేసి గుడ్లు, మూడు.

లెక్కపెట్టాను.
బోల్టులు సరి. చక్రాలు సరి.
టరెట్ నెత్తిన గుండ్రటి కంత, దానికి మూత లేదు.
కీలు మెలితిరిగి ఉంది,
జిగురు ఎక్కువై కరిగిందనుకున్నాను.
రాశాను: భాగం లోపించింది. మైనస్ రెండు.

ఆమె గొడవ పడలేదు.
"లోపించలేదండీ, మా ఇంట్లో ఉంది.
వచ్చి కొలుచుకోండి."

వెళ్లాను.
స్కేలు జేబులో పెట్టుకుని
క్యాబేజీ పీపా చూడ్డానికి నూరు కిలోమీటర్లు పోయే మొగుణ్ని
ఇప్పుడే చూస్తున్నానంది మా ఆవిడ.

దుక్లా కనుమ కింద ఊరు. అక్టోబరు.
నేలమాళిగలో సోంపు లాంటి ఘాటు, పులుపు, చీకటి.
పీపాలో ఊరుతున్న క్యాబేజీ, దాని మీద చెక్క,
చెక్క మీద బరువుకి
గుండ్రటి ఉక్కు మూత.
ఉప్పు తినేస్తుందని వాళ్ల అమ్మమ్మ
మూడు విడతలు తెల్ల ఎనామిల్ పూసిందట.
యాభై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు.
ముప్పై అయిదుతో భాగించాను.
పదిహేడు మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు.

టార్చి వేసి కీలు చూశాను.
అక్కడా అదే మెలిక.
ఎనామిల్ కింద, అంచుకి బయటివైపు,
గునపం కొరికిన గాట్లు నాలుగు.

"తాత," అంది జెల్మీరా.
"రాత్రంతా లోపల్నుంచి కొట్టిన చప్పుడట.
తెల్లారేసరికి పలచబడిందట."

ఎంతమంది, అని అడిగాను.
లెక్క అడగడం తప్ప నాకింకేం వచ్చు?

"అయిదుగురు. నడిచి వచ్చింది ఒక్కడు.
పేరు చెప్పాడు, సగమే అర్థమైంది.
అమ్మమ్మ గుడ్డు ఉడకబెట్టి ఇస్తే
తినలేదు, ఒలవనూ లేదు,
చల్లారేదాకా రెండు చేతుల్లో పట్టుకు కూర్చున్నాడట."

మూత పక్కకి జరిపి, గరిటెతో తీసి
నాకొక సీసాడు క్యాబేజీ ఇచ్చింది.
సీసా మూత గట్టిగా బిగించింది, కారులో ఒలుకుతుందని.

ఫలితాలు ఎప్పుడో గోడకి అంటించేశాం.
ఆమెది నాలుగో స్థానం.
ఆ రెండు మార్కులుంటే మూడు.
సంఘం నియమావళి తిరగేశాను,
అంటించాక దిద్దే వీలు లేదు.

మా హాల్లో అద్దాల బీరువా నిండా
నావి పదకొండు ట్యాంకులున్నాయి.
దుమ్ము దూరకుండా
అన్నిటి మూతలూ జిగురు పెట్టి మూసేశాను, ఇరవయ్యేళ్లుగా.
ఆ రాత్రి ఒకదాన్ని గోటితో కదిపి చూశాను.
రాలేదు.
ఆవిడ నిద్ర లేవకుండా లైటు వేయకుండా
వంటింటి సొరుగులో
సన్నటి మొన ఉన్నదేదైనా దొరుకుతుందేమోనని
చేత్తో తడుముతూ నిలబడ్డాను.