ఎంగిలి దారం

పొద్దుట్నించి ఇది ఏడోసారి.
దారం కొస మూడు పాయలుగా విచ్చుకుని
బెజ్జం అంచుకి తగిలి వంగిపోతోంది.
ముప్పై ఏళ్లు నాలుక కొసన తడిపి, పెదాల మధ్య పిండి
చీకట్లో కూడా ఎక్కించినవాణ్ణి.
నోట్లో తడి లేదు.

నెల్లూర్లో ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టారు.
మొహాన తెల్లటి వల బిగించి బల్లకి నొక్కి
కదలొద్దు కాశిం అన్నారు.
కదల్లేదు.
కొలిచేటప్పుడు కదిలే మనిషికి చొక్కా కుదరదని
నాకొకరు చెప్పాలా.
నాలుక కింద గడ్డ పోయింది.
దాంతోపాటు ఊట కూడా పోయింది.
ఎండిన బోరులో మోటారు గాలి లాగినట్టు
గుటకేస్తే చప్పుడొస్తది, అంతే.
సైదాబీ సంగటి మజ్జిగలో పిసికి పిసికి
తాగడానికి ఇస్తది.
మిషను కాలికి నీళ్ల సీసా కట్టుకున్నాను.

పళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు.
ఆ రోజుల్లో నా చెవులు
బతుకుతాడా అన్న ఒక్క మాటకే తెరిచి ఉన్నాయి.

కనిగిరి పళ్లు నావి.
బోరునీళ్లు గీసిన గోధుమరంగు చారలు.
ఒంగోలు బస్సులో నవ్వితే
మీది కనిగిరి వైపా అని పక్కసీటాయన అడిగేవాడు.
చారలేగాని రాళ్లు.
కత్తెర వెతుక్కునే పనేముంది,
ఏ కుట్టు చివరైనా దారం పంటితోనే తెంపేవాణ్ణి.
ఆ పన్నే ముందు పోయింది.
నొప్పి లేదు. సుద్దముక్క విరిగిన చప్పుడు.
మెడపట్టీ మీద పడితే
గుండీ అనుకుని డబ్బాలో వెయ్యబోయాను.

తర్వాత అద్దంలో చూసుకుంటే
ప్రతి పంటికీ చిగురు అంచున నల్లటి గీత,
కత్తిరించబోయేముందు సుద్దతో గీసుకున్నట్టు.
పంటికీ మెడ ఉంటుందని
అప్పుడే తెలిసింది నాకు.

పీకెయ్యమ్మా అన్నీ, అన్నాను పళ్ల డాక్టరమ్మతో.
నర్రవాడ అమ్మవారి పేరు, వెంగమాంబ. చిన్నపిల్ల.
పీకితే ఎముక మానదు, అంది.
నాకర్థమైంది.
కరెంటు తిన్న దవడ నానిపోయిన పాతగుడ్డ,
కుట్టేసిన చోట కాదు, కుట్టు పక్కన చిరుగుద్ది.
పారదర్శకంగా రెండు అచ్చులు చేసిచ్చింది,
రాత్రిపూట మందు పూసి పళ్లకి తొడుక్కోమంది.
ఏం మందమ్మా?
ఫ్లోరైడు.

నవ్వొచ్చింది. పెదవి పగిలింది.
మా నాయన్ని కొడవలిలా వంచింది ఆ మాటే.
మా పెద్దమ్మ మెడ తిప్పలేక
మనిషంతా తిరిగి పలకరించేది.
ఊరు ఊరంతా దేన్ని వద్దని
ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టిందో
దాన్ని ట్యూబులో పెట్టి నాకే అమ్ముతున్నారా తల్లీ?
ఆ పిల్ల మాట్లాడలేదు.
మాస్కు కిందికి లాగి పళ్లు చూపించింది.
చారలు.
మాది పామూరు, అంది.
మోతాదు మామా, అంతా మోతాదే.

ఇప్పుడు మాలకొండయ్య తడుపుతున్నాడు దారం.
మొదటిరోజు వాడు అటూ ఇటూ చూశాడు,
గిరాకీలు ఎవరైనా చూస్తే ఏమంటారు, ఎంగిలి కదా అని.
ఒరే పిచ్చోడా,
మా ఇంట్లో మంచినీళ్లు ముట్టని పెద్దమనుషుల చొక్కాలు,
ఇమాం గారి జుబ్బా, ఎస్సై గారి ప్యాంటు,
ఈ ఊళ్లో మూడు పదుల ఏళ్ల పెళ్లికొడుకులు
అందరి ఒంటిమీదా నా ఎంగిలే తిరిగింది.
ఎన్ని ఉతుకులు ఉతికినా
మడత లోపల అది అట్టానే ఉంది.
బయట ఎక్కడా మిగల్లేదు గాని
అక్కడ ఉంది.

వాడు ఎక్కించిన సూది నా చేతికిచ్చాడు.
కాజా పూర్తయింది.
ముడేసి, అలవాటుకొద్దీ గుడ్డని నోటిదాకా తెచ్చి
ఆగాను.

కత్తెర యాడ పెట్టావురా?