మంగళవారం తప్ప

డంకర్క్ రేవులో, చేపల వేలంపాట హాలు పైన గది.
మెట్లెక్కుతుంటే నీచు వాసన,
లోపలికొస్తే తడిసిన కోట్ల వాసన.
ఓదీల్ వనెస్త్ గారు బోర్డు మీద
క్రియకు అటొకటి ఇటొకటి
రెండు ముక్కలు రాసింది: న, పా.
"తలుపుకి రెండు గడియలు" అంది.
"ఒక్కటే వేస్తే పరీక్షలో దొంగలు పడతారు."

వెనక బెంచీలో నేను, ఓడ వంటవాణ్ణి.
ఓనరు బాకీలెగ్గొట్టాడని మా ఓడని రేవుకి కట్టేసి
నాలుగు నెలలైంది.
నాకు తెలిసిన కాదనడం వేరు.
మా మాటలో లేదు అన్నది చివరి పెట్టె,
రైలంతా దాటిపోయేదాకా
ఉందో లేదో తెలీదు.
ఇక్కడ క్రియ ఇంకా రాకముందే
న వచ్చి గుమ్మంలో చేతులు చాపి నిలబడుతుంది.

పా అంటే ఒకప్పుడు అడుగట.
నడవలేదు, ఒక్క అడుగైనా, అని మొదలై
అడుగు అరిగి అరిగి
ఉత్త లేదు మిగిలిందట.
రొట్టె పొడితోనూ నీటి బొట్టుతోనూ కూడా
లేదనేవాళ్ళట పాతకాలం వాళ్ళు.
నాకు నవ్వాగలేదు.
మా చిన్నత్త అలిగితే అంతే:
మెతుకు ముట్టదు, చుక్క తాగదు,
అడుగు కదపదు.
ఆవిడకి ఫ్రెంచి వచ్చని మాకెవరికి తెలుసు!

ప్లూ దగ్గర గొడవైంది.
చివర స పలికితే ఇంకా కావాలని,
మింగేస్తే ఇక వద్దని.
జార్జియా నుంచి వచ్చిన మ్జియా చెప్పింది,
శరణార్థుల క్యాంటీన్లో సూప్ ఇంకాస్త అడగబోయి
ఆ స మింగేసిందట.
గరిటె గాల్లో ఆగి వెనక్కెళ్ళిపోయిందట.
మూడు రోజులు అదే మాట, అదే గరిటె.
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

పెర్సోన్ అంటే మనిషి.
పెర్సోన్ అంటే ఎవరూ లేరు.
హబ్తోమ్ పెన్సిల్ దించాడు.
"తలుపు తడితే, మేడమ్,
లోపల మనిషున్నట్టా లేనట్టా?"
"పక్కన న ఉందేమో చూడు."
"మాటల్లో మీరు దాన్ని తినేస్తారుగా?"
ముప్పయ్యొక్క ఏళ్ళు కస్టమ్స్ ఆఫీసులో
ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు దిద్దిన మనిషి,
కళ్ళజోడు తుడుచుకుంటూ
"ఝ సే పా" అంది.
తెలీదు. న లేకుండా.
మ్జియా బల్ల చరిచింది.

ఆ వారం ఇంటిపని:
మీకు లేనిదాని మీద ఒక్క వాక్యం.
నేను జీతం రాశాను.
హబ్తోమ్ కాగితం చేతికి రాగానే
ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసి
మళ్ళీ పెట్టేసింది.
తొంగి చూశాను.
నాకెవరూ లేరు అని రాసి, కొట్టేసి,
నాకిక ఎవరూ లేరు అని రాసి, అదీ కొట్టేసి,
నాకింకా ఎవరూ లేరు.
మా లిపిలో ఇకకీ ఇంకాకీ నడుమ
ఒక సున్నా, ఒక దీర్ఘం.
అతను దాటొచ్చిన సముద్రం
ఎంత వెడల్పో నేనడగలేదు.

కిటికీ అవతల క్రేన్ దీపం ఆరింది.
చివరి పాఠం: న, క.
"ఇది లేదంటున్నట్టే ఉంటుంది,
అంటూనే ఏదో ఒకటి చేతిలో పెడుతుంది."
మా తప్ప లాంటిదన్నమాట, అనుకున్నాను.
హబ్తోమ్ లేచాడు, పుస్తకం మూసే ఉంది.
"మంగళవారం తప్ప
నాకేమీ లేదు."
తప్పుల్లేవు.
ఆవిడ డస్టర్ కోసం బల్ల మీదా కిందా వెతికింది.
అది ఆవిడ చేతిలోనే ఉంది.

బయట ముసురు.
డిపోకి పోతున్న డ్రైవరు అద్దం దించి
ఇక బస్సుల్లేవన్నాడు,
వాడూ న తినేశాడు.
నలుగురం నడిచాం.
ఓదీల్ గారి బూట్లలో నీళ్ళు చప్పుడవుతున్నాయి.
నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను,
పా, పా, పా,
ఒక్కటీ
లేదనలేదు.