సున్నాలు రాసే పని

బేగంబజారు సందుల, ఘీసూలాల్ కొట్టు ముందు నిలబడి
వస కొమ్ములు అడిగిన.
ఎంత అన్నడు. రెండు కిలోలు అన్న.
తరాజు పట్టిన చెయ్యి ఆగిపోయింది.
"ఎంతమంది పిల్లలమ్మా ఇంట్ల, మాటలు రానోళ్లు?"

పిల్లలకు కాదు సేఠ్,
పురుగులకు.
"పురుగులు కూడ మాట్లాడాల్నా ఇగ!"
నవ్విండు. నేనూ నవ్విన.
రసీదు మాత్రం ఆఫీసు పేరు మీద రాయమన్న.

రాజేంద్రనగర్ల మా గది ఎండకాలం, వానకాలం ఒక్కతీరు ఉక్కపోత,
పురుగులకు అట్లుంటేనే సుఖం.
గోడ పొంటి గాజు సీసాలు, మూతికి మల్లుగుడ్డ.
సీసాకు నూరు పెసలు, పది పుచ్చు పురుగులు,
ఐదు ఆడవి, ఐదు మొగవి.
వాటి పెండ్లి పెద్దను నేనే,
తొమ్మిదేండ్ల సంది, కాంట్రాక్టు మీద.

మృణాళిని మేడం వస నూనె తీసింది.
దూది ఉండకు ఒక్క చుక్క అద్ది
మూత కింద వేలాడగట్టింది.
"తినవు, ముట్టవు, పీలుస్తయంతే" అన్నది.

నేను చస్తయనుకున్న.
మందంటే నాకు తెలిసింది గదే గద,
కొట్టంగనే వెల్లకిల పడి కాళ్లు తన్నుకోవాలె.
ఇవి చావలే.
తిరిగినయ్, ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్,
మీసాలు తుడుచుకున్నయ్.

ఐదో రోజు పెసలు పళ్లెంల పోసి
భూతద్దం కింద ఒక్కొక్క గింజ తిప్పిన.
మందు లేని సీసాల
గింజగింజకు తెల్ల చుక్కలు,
ఎవరో సుద్దముక్కతోని హాజరు వేసినట్టు.
మందు సీసాల పెసలు
కడిగి ఆరబోసినట్టు నున్నగ, పచ్చగ.
రిజిస్టర్ల గుడ్ల గడిల సున్నా రాసిన.
సున్నా. సున్నా. మళ్ల సున్నా.
గుడ్డు లేదని రాసేటందుకు
గుడ్డు బొమ్మనే గీస్తున్ననని అప్పటిదాంక తోచలే.
మేడం నా భుజం మీదికెల్లి తొంగి చూసి
చప్పట్లు కొట్టినంత పని చేసింది.

ఒకదాని కడుపు కోసి చూపెట్టింది, సూదంత కత్తితోని:
"అండాశయం చూడు, రాలిన చింతపూత తీరు."

వసకు ఎవరి మీద పగ?
బురదల కాళ్లు దిగేసుకొని నిలబడ్డది,
ఉరకలేదు, కరవలేదు.
తన వేరు కొరికినోన్ని అది కొరకదు.
వాని బియ్యం కార్డుల
మనుమల పేర్లు కొట్టేస్తది.

పక్క గదిల ఖాజా వేపగింజల పని చూస్తడు.
అక్కడ ఒక లద్దె పురుగు పాత తోలు సగం విడిచి
చొక్కా తలకాయకు ఇరికిన పిల్లగాని లెక్క
మూడు రోజులు అట్లనే ఉండిపోయింది.
రెక్కలు ఎట్ల మొలిపించుకోవాల్నో మరిచింది.
"ఫీజు కట్టింది గని పై తరగతికి పోలే" అంటడు ఖాజా.
ఆ మాటకు నేను నవ్వలే.

నలభయ్యో రోజుకు పరీక్ష ఒడిసింది.
మందు సీసాల పది పురుగులూ ఈడు తీరి
ఎప్పుడో వాటంతటవే పోయినయ్. వెనక ఎవరు లేరు.
పక్క సీసాల పెసలు గుల్ల గుల్ల,
అడుగున పిండి,
రెండు వందలకు పైన పిల్లలు మల్లుగుడ్డను తలలతోని తోస్తున్నయ్.
పద్ధతి ప్రకారం రెండు సీసాలూ డీప్ ఫ్రీజర్లకే.
సంతానం ఉన్నదీ, లేనిదీ.
తలుపు నేనే మూసిన.

సాయంత్రం బస్సుల కిటికీ పక్క సీటు దొరికింది.
సబ్బు పెట్టి రెండుసార్లు కడిగిన చేతులే,
అయినా పక్కన కూసున్నామె ముక్కు ఎగబీల్చి
నా దిక్కు తిరిగింది, మొఖం ఇంత చేసుకొని:
"బాలింత ఇంట్లకెల్లి వస్తున్నవా అక్కా?
వస వాసన."

అవునన్న.
ఇంక ఏం చెప్పాలె, అరాంఘర్ చౌరస్తాల, ఆ రద్దీల?

"ఏం పుట్టిండ్రు?"

బయట చినుకులు. అద్దానికి ఆవిరి పట్టింది.
దాని మీద వేలితోని
గుండ్రంగ ఒకటి గీసిన.