దక్షిణం హద్దు

లింకు డాకుమెంట్లు ఐదు తెచ్చింది రుక్సానా బేగం
బట్టల షాపు కవర్ల.
రామయ్యబౌలి, ఎనభై ఆరు గజాలు,
వరుసల మూడో ఇల్లు.
అటొక గోడ, ఇటొక గోడ,
రెండూ పూర్తిగ సొంతం కావు.

మొదటిది ఉర్దూల ఉంది.
చదివిపెట్టే జలీల్ సాబుకు ఇప్పుడు చూపు ఆనదు.
నేను అంకెలు మాత్రం పోల్చుకుంట.
పదకొండు వందలు, హాలీ కాదు కల్దారని
నొక్కి రాసినకాడ సిరా ఉబ్బి ఉంది.

రెండోది అరవై ఎనిమిది.
బీడీ ఆకుల ఖాదర్ అమ్మిండు, మిల్లు గుమాస్తా కొన్నడు.

మూడోది నా చేతిరాత.
ఇరవై రెండేండ్ల నా క్రావడి
'విక్రయం' కింద ఇంకా వంకర్నే ఉంది.
కొన్నాయన తిప్పన్న, ఆర్టీసీ డ్రైవరు, రాయచూరు బండి.

ప్లానుల మెట్లు ఎనుకకున్నయి.
మెట్లు ముంగట్నే ఉండె, అందరం ఎక్కినం.
ఐదు ఫీట్లు వదులుతనని సంతకం పెట్టి
మూడే వదిలిండు.
ఆ రెండు ఫీట్ల జుర్మానా రసీదు ఇదిగో,
గుండుపిన్ను తుప్పుతో సహా.
రోడ్డు పెద్దగ జేస్తమని ఎర్రగీత గీసిపోయిన్రు ఒకపారి.
వానలకు గీత పోయింది, రోడ్డు రాలే.

దక్షిణం: అంజిలమ్మ ఇల్లు, ఉమ్మడి గోడ.

ఆ గోడకు అంజిలమ్మ కిటికీ పెట్టింది,
జానెడు, గిన్నె పట్టేంత.
తిప్పన్న అర్జీ పెట్టిండు.
నేనే రాసిన, ఐదు రూపాయలకు:
'మా ఇంటి మర్యాదకు భంగము కలుగుచున్నందున...'
మున్సిపాలిటీ ఆయన టేపు పట్టుకొని వచ్చిండు.
మూయమని నోటీసు.
మేస్త్రీ మూసిండు.
ఇటుకలల్ల ఒకటి సున్నం లేకుండ పెట్టుమన్నది
అంజిలమ్మ కాదు,
తిప్పన్న భార్య.

బండి రాయచూరుల పండుకున్న రాత్రులు
ఆ ఇటుక జరిగేది.
పచ్చిపులుసు, తలనొప్పి గోలీ, చిట్టీ పైసలు,
ఒక్కోసారి ఉత్త చెయ్యి.
ఇది ఏ కాయిదంల లేదు.
మేస్త్రీ మా చిన్నాయన.

అంజిలమ్మ పోయి ముప్పై ఏండ్లు.
ఆమె ఇల్లు రెండు చేతులు మారింది,
కింద సెల్‌ఫోన్ల రిపేరు, పైన రెండంతస్తులు.
హద్దుల్ల మాత్రం పాత పేరే నడుస్తది,
లింకు తెగొద్దని ఎవ్వరం మార్చం.
నాలుగో దాంట్ల ఉన్నది, ఐదో దాంట్ల ఉన్నది,
ఇంటిపన్ను లేదు, నల్లాబిల్లు లేదు.

ఇంజినీరు పిలగాడు గోడ కొట్టి చూసిండంట.
ఒక్కకాడ బోలు మోగుతున్నదంట.
'ఏమన్న తిరకాసు ఉన్నదా?' అంటది రుక్సానా.
'ఈసీ సాఫ్' అన్న.

టైపు చేసే పిల్ల మెడ తిప్పింది:
'దక్షిణం ఎవరి పేరు సార్? ఇప్పుడున్నోళ్లదా?'
అద్దాలు తుడుసుకున్న.
పాతదే కొట్టు బిడ్డా.

గోడ ఇప్పుడే పగలగొట్టకమ్మా అన్న రుక్సానాతోని.
ఎందుకని అడగలే.
చలాను కట్టనీకి లేచింది.