పెదవుల మూలన

మేకు దిగని గోడ తొమ్మిదో తరగతిది,
అందుకే నాలుగు మూలల టేపు పెట్టి అంటించిన.
నల్లగొండ గడియారం సెంటర్ల జిరాక్సు పిలగాడు
కలర్ ప్రింటు తీసి, లామినేషను చేసి
ముప్పై అయిదు రూపాలు తీస్కున్నడు.

ఐదు వందల ఏండ్లనాటి ఇటలీ ఆడామె.
చేతి మీద చెయ్యి ఏస్కొని కూసుంటది.
పేరు చెప్పనక్కర్లేదు,
అగ్గిపెట్టెల మీద గూడ చూసే ఉంటరు.

"గింతేనా సార్?" అన్నడు సైదులు.
"దీనికేనా అద్దం పెట్టి, తుపాకులు పెట్టి కావలి కాసేది?
మెడల నగ లేదు. కనుబొమ్మలు గూడ లేవు.
మా చిన్నమ్మ పెండ్లి ఫోటో దీనికంటె నయం."

క్లాసంత నవ్వింది.
నవ్వింది అంటున్న గని
మా దిక్కు నవ్వు వేరే.
నల్లా నీళ్ళు రాకముందు మాట ఇది.
చండూరు దాటి ఎటు పోయినా
బోరు నీళ్ళు తాగి పెరిగిన నోర్లే.
నవ్వొస్తే పిల్లలు అరచెయ్యి అడ్డం పెడ్తరు,
ఆడోళ్ళు కొంగు,
పెద్దమనుషులైతే దగ్గు తెచ్చుకుంటరు.
గార పండ్లు ఫోటోల పడొద్దని
పెండ్లిపిల్ల గూడ మూతి ముడుచుకొనే
తాళి కట్టిచ్చుకుంటది.

ట్రైనింగుల నేర్చిందంత ఏకరువు పెట్టిన.
ఎటు పోయినా వెంబడి వచ్చే చూపు,
వెనక కొండలు ఒక దిక్కు ఎత్తు, ఒక దిక్కు పల్లం,
గీతల్లేకుండ పొగలెక్క కలిపిన రంగు.
సైదులు కిటికీలకెల్లి కందిచేను చూస్తున్నడు.
నా మాటే నాకు
ఎవరి నోట్సులదో చదివినట్టు వినబడ్డది.

అప్పుడొచ్చింది ఈదమ్మ, గుడ్ల లెక్కకు.
"ఇయ్యాల ఎంతమంది సారూ?" అని
జవాబు వినకుండనే బొమ్మ ముందర ఆగింది.
నడుం మీద చెయ్యి ఆనించి,
మెడ తిరగదు గనుక
మనిషంత తిరిగి చూసింది.
చాన సేపు.

"పాపం, ఈమెకు గూడ పండ్లు మంచిగ లేవేమో.
నవ్వొచ్చింది. ఆపుకున్నది.
ఆపుకున్నంక గూడ కొంచెం మిగిలింది సూడు, గీడ"
అని మసి వేలుతోని
పెదవి మూలన తట్టింది.
ప్లాస్టిక్కు మీద నల్ల మచ్చ పడ్డది.

నేను తుడవలే.

మధ్యాహ్నం వంటకొట్టం కాడ
ఆమె పొయ్యిల బొగ్గే తీస్కొని
చార్టు ఎనక దిక్కు ఆమెను గీసిన.
ముక్కు వచ్చింది, చెవుల కమ్మలు వచ్చినయి,
నోటి కాడ చెయ్యి ఆగింది.
గీత మీదికి తిప్పితే టూత్‌పేస్టు ఆడామె.
కిందికి తిప్పితే,
ఎండకాలం ఎండకాలం కార్లల్ల వచ్చినోళ్ళు
నోరు తెరువమని, మోకాళ్ళు చూపమని
ఫోటోలు తీస్కపోయిన ఈదమ్మ.
రెండూ ఈమె కాదు.

ఆఖరికి బొటనవేలు పెట్టి రుద్దిన.
గీత పోయింది. నీడ అక్కడనే ఉన్నది.
మనిషి ఇయ్యనన్నదాన్ని
గుంజుకోకుండ గీసుడు ఎంత కష్టమో,
ఆ ఇటలీ పెద్దాయన ఏండ్లకేండ్లు
ఒక్క మూతి కాడ ఎందుకు తండ్లాడిండో
నా బొటనవేలికి తెలిసింది.
నాకింకా పూర్తిగ తెల్వలే.

"మూతి కాడ ఖరాబైంది సార్,"
పల్లెం కడుక్కుంట సైదులు తొంగిచూసిండు.

ఈదమ్మ చార్టు అందుకొని
పొగకు మండే కండ్లు చికిలించి అడిగింది:
"ఇంతకు నవ్విన్ననా సారూ నేను?"

తెల్వదన్న.

"నాకూ యాదికి లేదు" అని
దాన్ని బియ్యం అర్రల
గుడ్ల రిజిస్టరు కింద పెట్టింది.
చారు పొంగుతున్నదని మళ్ళ పొయ్యి కాడికి మళ్ళింది,
ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు.
బయట వరుసల ఎవడో
గుడ్డు తక్కువొచ్చిందని మొత్తుకుంటున్నడు.